రాత్రి డ్యూటీ వారికి ఎవరు చెప్పాలి?

బోధనాసుపత్రిలో ఏదైనా పెద్ద పని తలపెట్టారంటే, దాని గురించి మొట్టమొదటి ప్రశ్న ఎదురయ్యేది మంచం పక్కన నిలబడి సెలైన్ మారుస్తున్న నర్సుకే. "ఈ వార్డును కొత్త భవనంలోకి మారుస్తున్నారట కదమ్మా, మా నాన్నగారిని ఎప్పుడు తీసుకెళ్తారు?" "ఇకమీదట కేస్ షీట్లు ఉండవట, అంతా కంప్యూటర్‌లోనేనట, మరి మా పాత రిపోర్టులు ఏమవుతాయి?" అడిగేవారికి డైరెక్టరు గది ఎక్కడుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. యూనిఫారం వేసుకుని ఎదురుగా కనిపించిన మనిషే వారి దృష్టిలో ఆసుపత్రి. ఆ మనిషి "నాకూ తెలియదండీ, మాకెవరూ చెప్పలేదు" అంటే, ఇక్కడ ఎవరేం చేస్తున్నారో ఎవరికీ తెలియదన్నమాట అని రోగి అనుకుంటాడు. ఆ తర్వాత అదే నర్సు ఇచ్చే మాత్రను కూడా ఒకటికి రెండుసార్లు తిప్పి చూస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

చాలా ఏళ్లు వార్డుల్లో, ఆ తర్వాత నర్సింగ్ శిక్షణ విభాగంలో పనిచేశాను. చెప్పించుకునే వైపూ చూశాను, చెప్పే వైపూ చూశాను. విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో పెద్ద కార్యక్రమాల గురించి సిబ్బందికి తెలియజేయడాన్ని యాజమాన్యం చూపే మర్యాదగా, తీరిక దొరికితే చేసే పనిగా చూస్తున్నారు. అది వైద్యసేవలో భాగమని నా వాదన. మందు మోతాదు రాయడానికి ఎలాగైతే ఒక బాధ్యుడు ఉంటాడో, సరిచూసే మరో మనిషి ఉంటాడో, దీనికీ అలాగే ఉండాలి. చెప్పామా లేదా అన్నది కాకుండా అందిందా లేదా అన్నది లెక్కలోకి రావాలి.

ఏ ఆసుపత్రిలోనైనా ఇది కష్టమే. విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మరీ కష్టం. ఒకే కప్పు కింద వైద్యం, బోధన, పరిశోధన మూడూ నడుస్తాయి. చాలాచోట్ల ప్రొఫెసరుకు జీతం విశ్వవిద్యాలయం ఇస్తుంది, నర్సుకు ఆసుపత్రి ఇస్తుంది, పరిశోధన సహాయకుడికి ఏదో ఒక గ్రాంటు నుంచి వస్తుంది, నేల తుడిచే మనిషికి కాంట్రాక్టరు ఇస్తాడు. నలుగురూ ఒకే రోగి చుట్టూ తిరుగుతారు, కానీ నలుగురి పేర్లూ కలిపి ఉన్న జాబితా ఒక్కటి కూడా ఉండదు. "సిబ్బంది అందరికీ" అని పంపిన సందేశం నిజానికి ఎవరెవరికి వెళ్లిందని అడిగి చూడండి. చాలాసార్లు జీతాల పట్టీలో ఉన్నవారికి మాత్రమే వెళ్లి ఉంటుంది. శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్లు కొన్ని వారాలకొకసారి విభాగం మారుతుంటారు. మెడిసిన్‌లో ఉండగా జరిగిన సమావేశం గురించి సర్జరీకి వెళ్లాక ఎవరూ అడగరు, సర్జరీలో జరిగిన సమావేశానికి అతను లేడు. విద్యార్థుల సంగతి చెప్పనక్కర్లేదు. ఏ జాబితాలోనూ లేని ఆ పిల్లలే రోగి పక్కన కూర్చుని అందరికంటే ఎక్కువసేపు మాట్లాడతారు. రోగి అడిగే ప్రశ్నలకు వాళ్లకు తోచిన జవాబు వాళ్లు చెబుతారు.

ఈమెయిలు పంపాం కదా అంటారు. వార్డు నర్సుకు బల్ల ఉండదు. 12 గంటల షిఫ్టులో కంప్యూటర్ ముందు ఆమె నిలబడేది రోగి వివరాలు ఎక్కించడానికి, అదీ వెనుక మరొకరు తమ వంతు కోసం వేచి ఉండగా. లేబరేటరీలో నమూనాల వరుస ముందు ఉన్న టెక్నీషియనుకు, స్ట్రెచర్ తోసే మనిషికి, వంటశాలలో రోగుల ట్రేలు సర్దే మనిషికి ఈమెయిలు అనేది ఇంటికి వెళ్లాక ఓపిక ఉంటే చూసేది. కొందరికి అసలు ఆసుపత్రి ఈమెయిలు ఖాతానే ఉండదు. పైగా వచ్చే ప్రతి సందేశం మీదా "అతి ముఖ్యం" అని ఉంటుంది. పార్కింగ్ స్థలం మరమ్మతు కూడా అతి ముఖ్యమే, రేపటి నుంచి రక్తం కోరే పద్ధతి మారిపోవడమూ అతి ముఖ్యమే. పంపినట్టు రుజువు పంపినవారి దగ్గర ఉంటుంది. చదివినట్టు, అర్థమైనట్టు రుజువు ఎవరి దగ్గరా ఉండదు.

కారణం చెప్పి చేయించడానికీ, చెప్పకుండా చేయించడానికీ రోగి ప్రాణం దగ్గర ఎంత తేడా వస్తుందో చూపించే ఉదాహరణ ఒకటుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల భద్రత కోసం 19 అంశాల తనిఖీ పట్టిక తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని ఆపరేషన్ థియేటర్ నుంచి బయటకు పంపే ముందు ఒకసారి అందరూ ఆగాలి. రోగి ఎవరు, చేసే శస్త్రచికిత్స ఏది, ఏ వైపున, అలర్జీలు ఉన్నాయా, వాడిన పరికరాల లెక్క సరిపోయిందా అని పైకి చదివి సరిచూసుకోవాలి. బృందంలో ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవడం కూడా ఆ పట్టికలో ఒక అంశం. ఢిల్లీ, మనీలా, అమ్మాన్, ఆక్లండ్, లండన్, టొరంటో, సియాటిల్, టాంజానియాలోని ఇఫకారా, మొత్తం ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఒక కాగితంతో, కొత్త యంత్రం ఏదీ కొనకుండా వచ్చిన ఫలితం ఇది.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రం ఈ పట్టికను తన ఆసుపత్రులన్నిటికీ తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలతో 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం అక్కడ మరణాల రేటు 0.71 శాతం నుంచి 0.65 శాతానికి మాత్రమే మారింది. గణాంకపరంగా దాన్ని తగ్గుదలగా లెక్కించలేం. పట్టిక పాటిస్తున్నామని ఆసుపత్రులు నివేదికల్లో రాస్తూనే ఉన్నాయి. ఎందుకిలా జరిగిందన్న దానిపై పరిశోధకుల మధ్య చాలా వాదోపవాదాలు నడిచాయి. మొదటి నుంచే మరణాలు తక్కువగా ఉన్న చోట ఇంకా తగ్గడం కష్టమన్నారు, పరిశీలించిన కాలం చాలలేదన్నారు. అవి నిజమే కావచ్చు. అయినా థియేటర్లలో నిలబడినవారికి మరో కారణం కూడా కనిపిస్తుంది. పెన్ను తీసి గళ్లలో టిక్కులు పెట్టడం వేరు, ఆగి ఒకరి మాట ఒకరు వినడం వేరు. పైనుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు మొదటిది ఒక్క రోజులో అమలవుతుంది. రెండోదానికి, ఇది ఎందుకో ఎవరైనా వచ్చి కూర్చుని చెప్పాలి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఐదు ఆసుపత్రులు ఇదే పట్టికను ఎలా ప్రవేశపెట్టాయో పరిశీలించిన అధ్యయనం 2011లో వచ్చింది. ఎక్కడైతే నాయకత్వం వహించినవారు దీని అవసరం ఏమిటో నమ్మకం కలిగేలా వివరించి, ఎలా వాడాలో దగ్గరుండి చూపించి, తమ థియేటర్‌కు తగినట్టు సర్దుకోనిచ్చారో అక్కడ పట్టిక నిలిచింది. ఎక్కడైతే ఆ వివరించడం, చూపించడం జరగలేదో అక్కడ సిబ్బందికి కారణం అర్థం కాలేదు, పద్ధతీ పట్టుబడలేదు. మొదట విసుగు, తర్వాత నిర్లక్ష్యం, చివరికి వదిలేయడం. ఆసుపత్రి అంతటికీ తప్పనిసరి అన్న ఉత్తర్వు ఉండగానే వదిలేశారు. నాకు ఈ అధ్యయనంలో అన్నిటికంటే విలువైనది ఆ చివరి వివరమే. ఉత్తర్వు చెక్కుచెదరకుండా ఫైలులో ఉంది, పని మాత్రం ఆగిపోయింది.

ఇలాంటిదే నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో చూశాను. పేరు చెప్పను, ఎందుకంటే ఆ పేరు స్థానంలో మరో పది పేర్లు పెట్టినా కథ మారదు. ఒక విభాగాన్ని కొత్త బ్లాకులోకి మార్చాలన్న నిర్ణయం చాలా కాలం ముందే జరిగింది. భవన నక్షాలు గీసినవారికి తెలుసు, పరికరాలు సరఫరా చేసే కంపెనీల వారికి తెలుసు. వార్డు సిబ్బందికి మాత్రం ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో తేదీ ఉంది, ప్రారంభోత్సవానికి వచ్చే అతిథుల పేర్లు ఉన్నాయి. కొత్త చోట అత్యవసర మందుల ట్రాలీ ఎక్కడ ఉంటుంది, ఆక్సిజన్ పాయింట్లు మంచానికి ఏ వైపున ఉన్నాయి, బ్లడ్ బ్యాంకుకు ఏ దారిన వెళ్లాలి, గుండె ఆగిన రోగి కోసం పిలిచే నంబరు అదేనా మారిందా, ఇవేవీ లేవు. పగటి డ్యూటీ వారిని ఒకసారి తీసుకెళ్లి చూపించారు. రాత్రి డ్యూటీ వారు ఆ సమయానికి ఇళ్లలో నిద్రపోతున్నారు. మారిన మొదటి రాత్రి ఒక రోగికి ఊపిరాడకపోతే, గొంతులోని కఫాన్ని లాగే సక్షన్ యంత్రం ఏ అలమరాలో ఉందో వెతకడానికి ఇద్దరు నర్సులు పరుగులు తీశారు. రోగికి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు.

అదే మార్పు గురించి పక్క విభాగంలో ఒక హెడ్ నర్సు తన సొంత చొరవతో చేసింది కూడా చెప్పాలి. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగిస్తారు కదా, ఆ అప్పగింత చివర ఆవిడ కొత్త వార్డు గురించి ఒక్కో రోజు ఒక్కో విషయం చెప్పేవారు. ఈరోజు ట్రాలీ, రేపు ఫోన్ నంబర్లు, ఎల్లుండి మందుల ఫ్రిజ్. మూడు పూటలా చెప్పేవారు. రాత్రివారికి చెప్పడానికి ఆగేవారు, లేదా తెల్లవారకముందే వచ్చేవారు. చెప్పాక ఎవరో ఒకరిని "నువ్వు చెప్పమ్మా, ట్రాలీ ఎక్కడ?" అని అడిగేవారు. తనకు జవాబు తెలియని ప్రశ్న వస్తే గోడ మీద అంటించిన కాగితంపై రాసి, ఎవరిని అడగబోతున్నారో పక్కనే రాసేవారు. ఆవిడకు ఇందుకోసం అదనపు సమయం ఎవరూ ఇవ్వలేదు. నాకు బాధగా ఉండేది అక్కడే. ఆసుపత్రి భద్రత ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. ఆవిడ చేసింది అందరు హెడ్ నర్సుల ఉద్యోగంలో భాగం కావాలి, దానికి వేళ కేటాయించాలి.

ఎలక్ట్రానిక్ రోగి రికార్డుల కంటే పెద్ద మార్పు ఈ తరం ఆసుపత్రుల్లో మరొకటి లేదు. లాస్ ఏంజెలిస్‌లోని సెడార్స్ సైనాయ్ వైద్యకేంద్రం 2002 చివర్లో డాక్టర్లు మందులు, పరీక్షలు కంప్యూటర్‌లోనే రాయాలన్న వ్యవస్థను మొదలుపెట్టింది. కొన్ని నెలలు కూడా తిరగకముందే, 2003 ఆరంభంలో, వందల మంది డాక్టర్లు ఎదురుతిరగడంతో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. క్షణాల్లో రాసే ఆదేశానికి నిమిషాలు పడుతోందనీ, అడుగడుగునా వచ్చే హెచ్చరికలు పని సాగనివ్వడం లేదనీ వారి ఫిర్యాదు. ఈ సంగతులు వ్యవస్థ మొదలైన తర్వాత కొత్తగా పుట్టినవి కావు. వార్డులో పనిచేసే పదిమందిని ముందే కూర్చోబెట్టి చూపించి ఉంటే, వారు మొదటి పూటే చెప్పగలిగినవి. కోట్ల డాలర్లు పోసి కట్టిన వ్యవస్థ అది.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో ప్రధానమైన ఆడెన్‌బ్రూక్స్ 2014 అక్టోబరులో కాగితం నుంచి కంప్యూటర్‌కు ఒక్కసారిగా మారింది. మరుసటి ఏడాది తనిఖీకి వచ్చిన ప్రభుత్వ సంస్థ ఆ ఆసుపత్రికి అన్నిటికంటే కింది స్థాయి రేటింగు ఇచ్చింది, 2015 సెప్టెంబరులో దాన్ని ప్రత్యేక పర్యవేక్షణ కిందకు తెచ్చారు. కారణాలు చాలా ఉన్నాయి. సిబ్బంది కొరత ఉంది, ఆర్థిక లోటు ఉంది, కొత్త కంప్యూటర్ వ్యవస్థ తెచ్చిన చిక్కులు ఉన్నాయి. సిబ్బంది అంకితభావాన్ని మెచ్చుకుంటూనే, వార్డుల్లో జరుగుతున్నదానికీ పైస్థాయి నాయకత్వానికి తెలిసినదానికీ మధ్య పెద్ద దూరం ఉందని కూడా ఆ తనిఖీ ఎత్తిచూపింది. 2017 ఆరంభానికి అదే ఆసుపత్రి "మంచిది" అనే రేటింగుకు చేరింది. కంప్యూటర్ వ్యవస్థ మారలేదు, అదే కొనసాగింది. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుని ఊరుకోవడానికి వీల్లేదు. దాని చుట్టూ ఉన్న మనుషులు ఒకరికొకరు ఏం చెప్పుకుంటున్నారో, చెప్పినదాన్ని ఎవరు వింటున్నారో చూడాలి.

చేదువార్త చెప్పవలసి వచ్చినప్పుడు సంస్థ స్వభావం బయటపడుతుంది. బోస్టన్‌లో హార్వర్డ్‌కు అనుబంధంగా ఉన్న బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రం 1996లో రెండు ఆసుపత్రుల విలీనంతో ఏర్పడింది, ఆ తర్వాతి ఏళ్లలో నష్టాల్లో కూరుకుపోయింది. 2002 జనవరిలో పగ్గాలు చేపట్టిన పాల్ లెవీ డాక్టరు కాదు. బయటి సలహాదారులు ఆసుపత్రి గురించి రాసిన కటువైన నివేదికను ఆయన దాచలేదు, సిబ్బంది మొత్తం చదువుకునేలా ఆసుపత్రి అంతర్గత వెబ్‌సైటులో పెట్టించాడు. ఉద్యోగాలు పోతాయన్న మాట కూడా అందులో ఉంది. పోయాయి కూడా. కానీ ఎందుకు పోతున్నాయో, పోకపోతే ఏమవుతుందో డాక్టరు చదివిన అదే పేజీలో స్ట్రెచర్ తోసే మనిషి కూడా చదవగలిగాడు. ఆ ఆసుపత్రి కొన్నేళ్లలో నష్టాల నుంచి బయటపడింది. 2009లో మళ్లీ లోటు ఎదురైనప్పుడు అదే లెవీ సిబ్బంది సభ పెట్టి, తక్కువ జీతం వచ్చే పనివారి మీద భారం పడకుండా ఉండాలంటే మిగతావారు ఎక్కువ వదులుకోవలసి వస్తుంది, ఏమంటారని అడిగాడు. సభ చప్పట్లతో ఒప్పుకుంది. తొలగింపులు ముందు భయపడినదానికంటే చాలా తగ్గాయి. లెవీ చేసినవన్నీ సరైనవని నేను అనను. అంకెలు ముందు పెట్టి అడిగితే మనుషులు ఎలా స్పందిస్తారో ఆ సభ చూపించిందని మాత్రం అంటాను.

దీనికి పూర్తిగా ఎదురుగా ఫిలడెల్ఫియాలోని హానెమన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి కనిపిస్తుంది. 2019 జూన్ 26న మూసివేత ప్రకటన వచ్చింది, వేసవి దాటేసరికి ఆసుపత్రే లేదు. సుమారు 2,500 మంది ఉద్యోగులు వీధిన పడ్డారు. 550 మందికి పైగా రెసిడెంట్, ఫెలో డాక్టర్లు శిక్షణ మధ్యలో మరో ఆసుపత్రిని వెతుక్కోవాల్సి వచ్చింది. అమెరికా చట్టం ప్రకారం 100 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు మూసివేతకో, భారీ తొలగింపుకో 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గర్భంతో ఉన్న డాక్టరుకు, ఇల్లు అద్దెకు తీసుకున్న నర్సుకు, ఐదేళ్ల శిక్షణలో మూడో ఏడాదిలో ఉన్న సర్జనుకు ఆ 60 రోజులు ఏ మూలకు సరిపోతాయి? యూరోపియన్ యూనియన్ 2002లో చేసిన ఆదేశం కొంత ముందుకు వెళ్లింది. ఉద్యోగాలు పోయే సందర్భమే కాకుండా, పని పద్ధతిలో గణనీయమైన మార్పు తెచ్చే నిర్ణయాల గురించి కూడా ఉద్యోగుల ప్రతినిధులకు తెలియజేసి, వారిని సంప్రదించాలని అది చెబుతుంది. సంప్రదించడం అనే మాటను చట్టంలో చేర్చినవారికి నేను మనసులో దండం పెట్టుకుంటాను.

"నిర్ణయం ఖరారు కాకముందు చెబితే పుకార్లు పుడతాయి" అన్న అభ్యంతరం నేను ఎన్నోసార్లు విన్నాను. పుకార్లు ఎలాగూ పుడతాయి. కొలతలు తీసుకోవడానికి ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వార్డులోకి వచ్చిన రోజే పుడతాయి. ఖరారు కానిది ఖరారు కాలేదని చెప్పవచ్చు. ఫలానా సంగతి ఒప్పందం పూర్తయ్యేవరకు బయటపెట్టలేం, ఫలానా నెలలో చెబుతాం, అది ఆలస్యమైతే ఆలస్యమైందని కూడా చెబుతాం, ఇంతమాత్రం ఎవరైనా అనగలరు. అన్న నెల వచ్చినప్పుడు మాట నిలబెట్టుకుంటే చాలు, సిబ్బంది ఆగుతారు. నర్సులకు, టెక్నీషియన్లకు అనిశ్చితి కొత్తేమీ కాదు. రోగి బతుకుతాడో లేదో తెలియని రాత్రులు గడపడమే వారి ఉద్యోగం.

రెండో అభ్యంతరంలో నిజం ఉంది. ఇప్పటికే సమాచారం ఎక్కువైపోయింది, ఇంకా చెబితే ఎవరు వింటారు అంటారు. ఒప్పుకుంటాను. అందుకే ఎక్కువ చెప్పమని నేను అడగడం లేదు. రేపు ఉదయం నా చేతులు చేసే పనిని మార్చే విషయాన్ని, తెలుసుకుంటే బాగుండు అనిపించే విషయాన్ని వేరు చేయమంటున్నాను. మొదటిది మనిషి నోటితో, నా పైన ఉన్న హెడ్ నర్సు నోటితో, ప్రశ్న అడిగే వీలున్న చోట రావాలి. రెండోది కాగితంలోనో తెర మీదో ఉన్నా ఇబ్బంది లేదు. డైరెక్టరుగారి వీడియో సందేశం చూడటానికి బాగుంటుంది, కానీ అందులో నా వార్డు ఊసు ఉండదు. పైస్థాయి నుంచి రావలసింది కారణం. నా వార్డులో ఏం మారుతుందో చెప్పవలసింది నాతోపాటు పనిచేసే పై అధికారి. ఈ రెండింటినీ తారుమారు చేసే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. హెడ్ నర్సుకు తన కింద ఉన్నవారితోపాటే, అదే ఈమెయిలులో విషయం తెలుస్తుంది. సిబ్బంది వచ్చి అడిగితే ఆవిడ ముఖం చెల్లదు. మధ్యస్థాయి వారికి ముందుగా చెప్పకుండా అందరికీ ఒకేసారి చెప్పడాన్ని సమానత్వం అనుకోవడం పొరపాటు.

కిందినుంచి పైకి వెళ్లే దారి లేకపోతే పైనుంచి కిందికి వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. ఇప్పుడు చాలా వైద్యకేంద్రాల్లో ఉదయాన్నే అంచెలంచెలుగా చిన్న సమావేశాలు జరుగుతున్నాయి. వార్డులో నిలబడి కొద్ది నిమిషాలు, ఆ తర్వాత విభాగాల స్థాయిలో, ఆపైన ఆసుపత్రి నాయకత్వంతో. రాత్రి వార్డులో తలెత్తిన చిక్కు మధ్యాహ్నంలోపు డైరెక్టరు చెవిన పడుతుంది. పద్ధతి మంచిదే. కానీ పైకి వెళ్లిన ప్రశ్నకు జవాబు తిరిగి ఆ వార్డుకే వస్తోందా అన్నదే నా పరీక్ష. మందును కొలిచి నరంలోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు పాడైందని రోజూ చెప్పి, రోజూ "నమోదు చేసుకున్నాం" అనిపించుకున్న నర్సు కొన్నాళ్లకు చెప్పడం మానేస్తుంది. ఆ తర్వాత కొత్త కార్యక్రమం గురించి మీరు ఎంత బాగా చెప్పినా తల ఊపి ఊరుకుంటుంది.

సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రిలో 2004లో ఒక రోగికి ఎక్స్‌రేలో కనిపించడానికి ఇచ్చే ద్రవం బదులు చర్మాన్ని శుభ్రం చేసే ద్రవం పొరపాటున ఎక్కించారు. ఆమె చనిపోయింది. ఆసుపత్రి ఆ పొరపాటును తన సిబ్బంది ముందు, ప్రజల ముందు దాపరికం లేకుండా ఒప్పుకుంది. ఆ తర్వాత రోగుల భద్రతే ఏకైక లక్ష్యమని ప్రకటించినప్పుడు, ఎందుకని ఎవరికీ విడిగా వివరించవలసిన పని లేకపోయింది. ఒక మరణం గురించి నిజం చెప్పిన యాజమాన్యం చెప్పే మిగతా మాటలకు కూడా బరువు ఉంటుంది.

యంత్రాలు మూగబోయిన రోజు సంగతి కూడా ఆలోచించాలి. 2020 అక్టోబరు చివర్లో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంపై సైబర్ దాడి జరిగింది. రోగి రికార్డులు దాదాపు నెల రోజులు అందలేదు. కోవిడ్ కాలం, ఈమెయిలు లేదు, ఫోన్లు లేవు. వాకీటాకీలు కొని తెచ్చుకుని, కాగితాలు పట్టుకుని ఒక విభాగం నుంచి మరో విభాగానికి మనుషులు నడిచి వెళ్లి పని నడిపించారు. కాగితం మీద మందులు రాయడం ఎన్నడూ చూడని యువ డాక్టర్లకు పెద్దవారు నేర్పవలసి వచ్చింది. అలాంటి రోజున మాట ఒక నోటి నుంచి మరో నోటికి సరిగ్గా చేరాలంటే, మామూలు రోజుల్లోనే ఆ అలవాటు ఉండాలి. ఎవరు ఎవరికి చెబుతారో, రాత్రి రెండు గంటలకు ఆ వరుసలో ఎవరున్నారో ముందే తెలిసి ఉండాలి. ప్రకటనలన్నీ తెర మీదే నడిపే ఆసుపత్రికి తెర ఆరిపోయిన రోజున మిగిలేది కేకలే.

ఒక కార్యక్రమం గురించి సిబ్బందికి అందిందా లేదా అని సరిచూసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. అర్ధరాత్రి దాటాక ఏదో ఒక వార్డుకు వెళ్లి, అక్కడున్నవారిలో అందరికంటే కొత్తగా చేరిన మనిషిని అడగండి. ఇది ఎందుకు చేస్తున్నారు? నీ పనిలో ఏం మారుతుంది? ఎప్పటి నుంచి? ఇబ్బంది వస్తే ఎవరికి చెబుతావు? జవాబులు వస్తే చెప్పడం జరిగినట్టు. రాకపోతే ప్రారంభ తేదీని వాయిదా వేయాలి. అవును, వాయిదా వేయాలనే అంటున్నాను. జనరేటర్ సిద్ధం కాలేదంటే కొత్త ఐసీయూ తెరవరు. మనుషులు సిద్ధం కాలేదన్నా తెరవకూడదు. ప్రారంభోత్సవానికి పిలిచిన అతిథులు మరో రోజు రాగలరు.

చివరగా కాంట్రాక్టు సిబ్బంది గురించి. "వారు మా ఉద్యోగులు కారు, వారికి చెప్పుకోవలసింది కాంట్రాక్టరు" అని ఒక అధికారి నాతోనే అన్నారు. ఇన్ఫెక్షన్ల నియంత్రణకు ఒక పెద్ద కార్యక్రమం మొదలవుతున్న సమయం అది. క్లాస్ట్రీడియాయిడిస్ డిఫిసీల్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆల్కహాల్ ద్రవంతో చావవు. చేతులను సబ్బూ నీళ్లతో కడుక్కోవాలి, గదిని క్లోరిన్ కలిపిన ద్రవంతో తుడవాలి. ఆ గది తుడిచేది డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. రోజూ వాడే బకెట్ ఈ గదికి ఎందుకు పనికిరాదో తుడిచే మనిషికి తెలియకపోతే, ఆ మంచం మీదికి వచ్చే తర్వాతి రోగికి కార్యక్రమం మొత్తం వృథా. ఆ మనిషికి కారణం చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, కానీ ఆ పది నిమిషాలకు కూలి ఎవరిస్తారన్న దగ్గర మాట ఆగిపోతోంది. ఒప్పందంలో రాసుకోండి: కొత్త కార్యక్రమాల గురించి చెప్పే సమయం కూడా పనిగంటల్లో భాగం, దానికీ కూలి ఉంటుంది, రాత్రి పూట వారికి రాత్రి పూటే చెబుతారు. ఒక్క పేరా చాలు. వచ్చే టెండరు పత్రాలు తయారు చేసే బల్ల దగ్గర ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును, ఆ గదులు తుడిచేవారిలో ఒకరిని కూర్చోబెట్టి ఆ పేరా రాయించండి.